ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమం: మిల్లుల్లో నేను వినే అపోహలు, కనే వాస్తవాలు

వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకు, నూలు మిల్లులకు ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమాలు రూపొందించడం నా వృత్తి. యాజమాన్యంతో మొదటిసారి కూర్చున్నప్పుడల్లా దాదాపు ఇవే మాటలు వినవలసి వస్తుంది.

అపోహ: ఏడాదికొక వైద్య శిబిరం పెట్టి బీపీ, షుగరు పరీక్షిస్తే చాలు.

వాస్తవం: పని వల్ల వచ్చే జబ్బు ఆ రెండు పరీక్షల్లో కనిపించదు. 1934లో ఆజంజాహి మిల్లు వెలసిన ఈ ఊరికి పత్తి దుమ్ము కొత్త కాదు. అయినా దాని వల్ల వచ్చే బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు పేరు విన్న మేనేజర్లు నాకు అరుదుగానే తారసపడ్డారు. పత్తి దుమ్మును ఏళ్ల తరబడి పీల్చినవారిలో కొందరికి, వారాంతపు సెలవు ముగించుకొని పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోయి ఆయాసం వస్తుంది. మర్నాటికి సర్దుకుంటుంది కనుక పడిశెమనో, బీడీల వల్లనో అనుకొని ఊరుకుంటారు. తొలిదశలో దుమ్ముకు దూరమైతే తగ్గే ఈ బాధ, అలాగే వదిలేస్తే వారమంతా ఉండి, చివరికి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. అందుకే నేను సెలవు మర్నాడే, షిఫ్టుకు ముందొకసారి, ముగిశాక మరొకసారి, ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమీటరులో ఊదించి తేడా చూస్తాను. శిబిరాన్ని వారం చివర్లో, అందరికీ వీలని పెట్టించుకున్న మిల్లులో ఒక్క కేసూ బయటపడకపోవడంలో నాకు ఆశ్చర్యం లేదు. అయితే పరీక్ష కంటే ముందు జరగవలసింది దుమ్మును లాగే యంత్రాలను బాగు చేయించడం, గాలి పైపుతో ఊదుతూ నేలను, యంత్రాలను శుభ్రం చేసే అలవాటును మాన్పించడం.

అపోహ: ఎండాకాలంలో మజ్జిగ పంచుతున్నాం కదా, వడదెబ్బ తగలదు.

వాస్తవం: మజ్జిగ మంచిదే, కానీ వేడిలో పనిచేసే మనిషి దాహం వేసేదాకా ఆగకుండా 15-20 నిమిషాలకొకసారి గ్లాసెడు నీళ్లు తాగాలి. ఒక మిల్లులో క్యాన్లు రెట్టింపు చేసినా స్త్రీలు తాగే నీళ్లు పెరగలేదు. ఎందుకని అడగ్గా, మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదన్నారు. కార్యక్రమంలో మేం పెట్టిన మొదటి ఖర్చు ఆ గడియే. వేసవిలో కొత్తగా చేరినవారి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి: మొదటి రోజు వేడిలో పని ఐదో వంతుకు మించకుండా, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచుకుంటూ పోతేనే ఒంటికి ఎండ అలవాటవుతుంది.

అపోహ: ఫలితాలు ఆఫీసుకు అందితేనే కార్మికులకు సాయం చేయగలం.

వాస్తవం: షుగరు ఉందని తెలిస్తే వచ్చే సీజనుకు పిలవరేమోనన్న భయం ఉన్నంతకాలం, జబ్బున్నవాళ్లే శిబిరానికి రారు. పేర్లు డాక్టరు దగ్గరే ఉండాలి. ఆఫీసుకు ఎంతమందికి ఏ జబ్బు ఉందన్న లెక్కలు మాత్రం చాలు.

అపోహ: కార్యక్రమం మొదలుపెడితే వైద్య ఖర్చులు వెంటనే తగ్గుతాయి.

వాస్తవం: అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగులను చీటీలు తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికే ఇలాంటి ఆరోగ్య కార్యక్రమంలో చేరే అవకాశమిచ్చి పరిశీలిస్తే, వైద్య ఖర్చుల్లోనూ గైర్హాజరులోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్వచ్ఛందంగా చేరినవారు మాత్రం మొదటి నుంచే ఖర్చు తక్కువున్నవారు. కాబట్టి చేరినవారినీ చేరనివారినీ పక్కపక్కన పెట్టి లాభం చూపించే సలహాదారును నమ్మకండి, ఆ సలహాదారు నేనైనా సరే.

అపోహ: ఈఎస్ఐ ఉంది, ఇక మనకేం పని?

వాస్తవం: ఈఎస్ఐ ప్రధానంగా జబ్బు చేశాక ఆదుకుంటుంది, అదీ నెల జీతం 21,000 రూపాయలు మించనివారికి. గుత్తేదారు తెచ్చిన హమాలీల పేర్లు అసలు అందులో నమోదయ్యాయో లేదో ముందు అడగండి. బేళ్లెత్తే నడుములు వాళ్లవే.