బదులు వెళ్లిన టీచరు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంటి భాషలో చెబితే చాలు, పిల్లలకు అన్నీ అర్థమవుతాయి.

నేనూ అలాగే అనుకున్నాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక టీచరమ్మ ప్రసూతి సెలవు పెడితే, ఆమె బదులు నాలుగో తరగతికి వెళ్లాను. ఒడియా మీడియం బడి. పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మనవాళ్లే కదా అని తెలుగులో మొదలుపెట్టి, "24ని 4తో భాగించండి" అన్నాను. ఒక్క పెన్సిలూ కదల్లేదు. వీళ్లకు భాగహారం రాదని తేల్చేసుకుని, బోర్డు మీద అఆల దగ్గర్నుంచి చెప్పినట్టు చెప్పడం మొదలెట్టాను. అంతలో మూడో వరసలో ఒక పాప పక్కపిల్ల చెవిలో "హరణ చెయ్యమంటున్నారేమో" అంది. అవునమ్మా, హరణే అన్నాను. రెండు నిమిషాల్లో అందరి నోట్‌బుక్కుల్లోనూ 6 ఉంది.

వాస్తవం: ఆ పిల్లలు లెక్కలు నేర్చుకున్నది ఒడియాలో. కూడిక వాళ్లకు మిశాణ, తీసివేత ఫెడాణ, భాగహారం హరణ. భాగహారం అనే మాట ఇంట్లో ఎవరంటారు? ఇంట్లో అనేది పంచుకోవడం. మర్నాడు "24 జీడిపిక్కలు నలుగురికి సమంగా పంచితే తలా ఎన్ని?" అని తెలుగులో అడిగాను. కొందరు 24లోంచి 4 తీసేశారు. ముందురోజు సరిగ్గా చేసినవాళ్లే! బడిలో హరణ, ఇంట్లో పంపకం ఒకటేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచి కథ తెలుగులో, లెక్క మాట ఒడియాలో చెప్పి, రెండూ పక్కపక్కనే బోర్డు మీద రాసేదాన్ని.

ఇదే ఊళ్లో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు (1863–1940) సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు అందాలని ముందు తానే సవర నేర్చుకున్నారు. మా ఊరి టీచర్లకు ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

అపోహ: మొదటిరోజే గట్టిగా ఉండకపోతే క్లాసు చేజారిపోతుంది.

వాస్తవం: "మా టీచరమ్మ ఇలా చెప్పరు" అని పిల్లలు అంటే టెన్షన్ పడొద్దు. "మరెలా చెబుతారో చూపించండి" అనండి. వాళ్లే క్లాసు నడిపి చూపిస్తారు.

అపోహ: బదులు వెళ్లడమంటే పిల్లల్ని కూర్చోబెట్టడమే.

వాస్తవం: వెళ్లగానే నోట్‌బుక్కుల్లో చివరి పేజీలు చూడండి, పాఠం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. వచ్చేటప్పుడు చీటీ రాసిపెట్టండి. నేను ఆ టీచరమ్మకు రాసింది ఇంతే: "హరణ అందరికీ వచ్చు. పంపకం లెక్క తెలుగులో ఇస్తే ఐదుగురు ఇంకా తీసివేస్తున్నారు, పేర్లు వెనక రాశాను. శేషం ఇంకా మొదలుపెట్టలేదు."