లాక్స్టన్ పొలాల మీద పెత్తనం ఎవరిది?

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్టన్ అనే చిన్న ఊరుంది. అక్కడి తన భూములను అమ్మేస్తానని 2018లో బ్రిటిష్ రాచరికపు ఆస్తులను చూసే క్రౌన్ ఎస్టేట్ సంస్థ ప్రకటించింది. మామూలు ఊరైతే అది భూమి బేరంతో తేలిపోయేది. కానీ మధ్యయుగాల నాటి ఉమ్మడి సేద్యపు పద్ధతి, దాన్ని నడిపే గ్రామ న్యాయస్థానం ఇంకా బతికి ఉన్న ఊరు ఇది. యజమాని మారితే ఆ రెండూ ఏమవుతాయన్నది అసలు ప్రశ్న.

ఊరి చుట్టూ మూడు పెద్ద పొలాలున్నాయి: పశ్చిమ పొలం, దక్షిణ పొలం, మిల్లు పొలం. కంచెలుండవు. ఒక్కో రైతుకు మూడింటిలోనూ అక్కడక్కడా పొడవాటి మడులుంటాయి. ఏటా ఒక పొలంలో శీతాకాలపు గోధుమ, మరోదాంట్లో వసంతకాలపు పంట వేసి, మూడోదాన్ని బీడుగానో పశుగ్రాసానికో వదులుతారు. అందరూ ఆ వరసే పాటించాలి. ఒకడు దారి తప్పితే పక్కవాడి సేద్యం దెబ్బతింటుంది. అలా జరక్కుండా చూసే గ్రామ న్యాయస్థానమే కోర్ట్ లీట్.

నవంబరు చివర్లో, గోధుమ విత్తడం అయ్యాక, ఆ కోర్టు జ్యూరీలోని రైతులు ఆ పొలమంతా కాలినడకన తిరుగుతారు. చెదిరిన హద్దుల దగ్గర కొత్త మేకులు దిగ్గొడతారు. దారిలోకో, ఉమ్మడి గడ్డి నేలలోకో నాగలి పోనిచ్చినవారి పేరు రాసుకుంటారు. వారం తర్వాత ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు కూర్చుంటుంది. జరిమానా కొద్ది పౌండ్లే. అయినా ఇరుగుపొరుగు రైతుల ముందు తన పేరు చదివించుకోవాలని ఎవరికుంటుంది! 1977లో పార్లమెంటు ఇలాంటి పాత కోర్టుల న్యాయాధికారాన్ని తీసేసినప్పుడు లాక్స్టన్ కోర్టును మాత్రం మినహాయించింది.

ఈ పొలాలు మిగలడానికి ఊరివాళ్ల పట్టుదలతో పాటు భూస్వాముల లెక్కలూ కారణమే. 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలు ఇంగ్లండ్‌లో సుమారు 68 లక్షల ఎకరాలకు కంచె వేయించాయి. ఉమ్మడి హక్కులు పోయి ఎందరో పేదలు కూలీలయ్యారు. లాక్స్టన్‌లోనూ కొంత భూమికి కంచె పడింది. అయితే ఇద్దరు పెద్ద భూస్వాములకు పొత్తు కుదరక ఆ పని 19వ శతాబ్దంలో పూర్తి కాలేదు. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలో ఆనాటి మడులన్నీ కనిపిస్తాయి. ఆ తర్వాత మడులు కలిసిపోయి సంఖ్య బాగా తగ్గినా పొలాల తీరు అదే.

1952లో భూస్వామి ఎర్ల్ మాన్వర్స్ ఈ భూములను వ్యవసాయ శాఖకు అమ్మాడు. పద్ధతిని కాపాడాలన్నదే ఆ కొనుగోలు ఉద్దేశం. 1981లో అవి క్రౌన్ ఎస్టేట్ చేతికొచ్చాయి. 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ వాటిని తీసుకుంది. అది మాన్వర్స్ వంశీకులదే. భూమి తిరిగి తిరిగి పాత ఇంటికే చేరిందన్నమాట.

ఈ చేతుల మార్పిడిలో ఊరి ఎన్నికైన పాలనకు నిర్ణయాధికారం లేదు. 1894 చట్టంతో చర్చి పెద్దల సభ చేతిలోని పౌర వ్యవహారాలు ఎన్నికైన పారిష్ (ఊరి స్థాయి) మండళ్లకు వెళ్లాయి. లాక్స్టన్, మూర్‌హౌస్ కలిసి ఒకే పారిష్. కట్టడాల దరఖాస్తుల మీద ఆ మండలి అభిప్రాయం చెప్పగలదు. నిర్ణయం న్యూఆర్క్ అండ్ షెర్‌వుడ్ జిల్లాది. రోడ్లు, బడులు జిల్లా పైనున్న కౌంటీవి. జిల్లా, కౌంటీ అనే రెండంచెల పద్ధతిని ఎత్తేసి ఒకే మండలి పెట్టాలని 2024 డిసెంబరులో ప్రభుత్వం శ్వేతపత్రం తెచ్చింది. అది అమలైతే నిర్ణయాలు ఊరికి ఇంకా దూరమవుతాయని నా భయం.

కోర్ట్ లీట్ మడి హద్దును తేల్చగలదు, పొలం అమ్మకాన్ని ఆపలేదు. మూడు పొలాల సేద్యం కొనసాగాలంటే యజమాని సమ్మతి కావాలి, కౌలుకు తీసుకునే కొత్త తరమూ కావాలి. యజమాని మాట మీద నడిచే ఈ భరోసాను చట్టంలోకి ఎక్కించి ఉండాల్సింది. 1952లోనే ఆ పని జరిగి ఉంటే 2018లో కౌలు రైతులకు ఆ అనిశ్చితి తప్పేది.