స్వీకృతాలు, స్వయంసిద్ధ సత్యాలు: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు జ్యామితి పునాదులు, తర్కం చెప్పడం నా పని. ప్రతి ఏడాదీ మొదటి క్లాసులోనే ఎవరో ఒకరు అంటారు: "స్వీకృతం అంటే రుజువు అక్కర్లేనంత స్పష్టమైన నిజం కదా సార్!" చాలా గైడ్లలోనూ ఇలాగే ఉంటుంది. ఈ ఒక్క మాట సరిచేయడానికి నాకు సగం సెమిస్టర్ పడుతుంది.

తెలుగులో మనకు రెండు వేరు వేరు మాటలున్నాయి. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది స్వయంసిద్ధం. మనం ఒప్పుకుని తీసుకున్నది స్వీకృతం. మొదటిది మన మనసుకు తోచే తీరు, రెండోది మనం చేసిన పని. ఈ రెండింటినీ కలగాపులగం చేసేసరికి అపోహలు మొదలవుతాయి.

అపోహ: కళ్ళెదుట కనబడుతుంటే ఇంక రుజువెందుకు?

వాస్తవం: క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' మొదటి ప్రతిపాదననే చూడండి. ఇచ్చిన రేఖాఖండం మీద సమబాహు త్రిభుజం గీయాలి. ఒక కొన కేంద్రంగా, ఆ ఖండమంత వ్యాసార్థంతో ఒక వృత్తం, రెండో కొన కేంద్రంగా ఇంకో వృత్తం. రెండూ కలిసిన చోటే మూడో శీర్షం. బోర్డు మీద అర నిమిషం పని. ఒకసారి చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "ఆ రెండు వృత్తాలూ కలుస్తాయని మనం ఎక్కడ ఒప్పుకున్నాం సార్?" అంది. క్లాసంతా నవ్వింది. నేను సుద్దముక్క పక్కన పెట్టి, ఆ గంటంతా ఆ ప్రశ్నకే ఇచ్చేశాను.

యూక్లిడ్ స్వీకృతాలు ఐదు. రెండు బిందువుల్ని కలుపుతూ గీత గీయొచ్చు, గీతను పొడిగించొచ్చు, ఏ కేంద్రంతోనైనా ఏ వ్యాసార్థంతోనైనా వృత్తం గీయొచ్చు, లంబకోణాలన్నీ సమానం, ఆ తర్వాత సమాంతర రేఖల గొడవ. వృత్తాలు కలిసి తీరతాయన్న మాట వీటిలో ఎక్కడా లేదు.

కలవకుండా ఎలా ఉంటాయంటారా? తలంలో నిరూపకాలు రెండూ పూర్ణాంకాలో, భిన్నాలో అయిన బిందువులనే ఉంచి మిగతావన్నీ తీసేశాం అనుకోండి. (0, 0), (1, 0) కేంద్రాలుగా 1 వ్యాసార్థంతో రెండు వృత్తాలు గీస్తే, పైభాగాన అవి కలవాల్సిన బిందువు (1/2, √3/2). √3 కరణీయ సంఖ్య, భిన్నంగా రాయడం కుదరదు. అంటే ఆ బిందువు అక్కడ లేనే లేదు. వృత్తాలు ఒకదాన్ని ఒకటి దాటిపోతాయి గానీ ఎక్కడా కలవవు. బొమ్మ చూసి తలూపినంతకాలం ఈ లోటు తెలియదు. జర్మన్ గణితవేత్తలు పాష్ 1882లో, హిల్‌బర్ట్ 1899లో ఇలా చెప్పకుండా వాడేసుకున్నవాటిని వెతికి బయటికి తీసి, వాటినీ స్వీకృతాల్లో చేర్చారు.

అపోహ: స్వీకృతం అంటే ఎవరూ కాదనలేని సత్యం.

వాస్తవం: ఇందాక గొడవ అన్నది అందుకే. రెండు గీతలను మూడో గీత ఖండించినప్పుడు ఒక పక్క లోపలి కోణాల మొత్తం రెండు లంబకోణాల కన్నా తక్కువైతే, ఆ రెండు గీతలూ పొడిగించగా పొడిగించగా ఆ పక్కనే కలుస్తాయి. ఇదీ ఐదో స్వీకృతం. యూక్లిడ్ మొదటి 28 ప్రతిపాదనలు దీన్ని ముట్టుకోకుండానే నడిపించి, 29వ దగ్గర బయటికి తీశాడు. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలు దీన్ని మిగతా నాలుగింటి నుంచి రాబట్టాలని చూశారు.

ఈ కథలో నన్ను బాగా బాధపెట్టేది ఇటలీ గణితవేత్త సాకేరి. ఐదో స్వీకృతం తప్పు అనుకుని బయల్దేరి, ఎక్కడో ఒకచోట వైరుధ్యం తగలాలని 1733లో ఆయన ఎంతో దూరం వెళ్ళాడు. వైరుధ్యం తగల్లేదు. వింత వింత సిద్ధాంతాలు ఒకదాని వెంట ఒకటి తగిలాయి. చివరికి ఇదంతా సరళరేఖ స్వభావానికే విరుద్ధమని కొట్టిపారేశాడు. కొత్త జ్యామితి చేతిలో పెట్టుకుని, మనసు ఒప్పక వదిలేశాడు! దాదాపు వందేళ్ళకు, 1829లో లోబచెవ్‌స్కీ, 1832లో బోయాయ్ అదే దారిలో వెళ్ళి, వదలకుండా నిలబడ్డారు. పాత జ్యామితిలో వైరుధ్యం లేకపోతే కొత్తదానిలోనూ ఉండదని 1868లో బెల్ట్రామి పని వల్ల తేలింది. ఆ జ్యామితిలో ఏ త్రిభుజం తీసుకున్నా కోణాల మొత్తం 180 డిగ్రీల కన్నా తక్కువే.

'మొత్తం దాని భాగం కన్నా పెద్దది' అన్నది కూడా యూక్లిడ్‌దే, ఆ ఐదు స్వీకృతాలతో పాటు విడిగా ఇచ్చిన 'సాధారణ భావనల' జాబితాలోది. దీన్నెవరు కాదంటారు? 1, 2, 3 అంటూ సంఖ్యలు రాసుకుంటూ పోయి, ఒక్కోదాని కింద దాని వర్గం రాయండి: 1, 4, 9. ప్రతి సంఖ్యకూ ఒక వర్గం జత దొరికింది, ఏదీ మిగల్లేదు. వర్గాలేమో సంఖ్యల్లో ఒక భాగమే. గెలీలియో 1638లో ఇది చూసి, అనంతం దగ్గర ఎక్కువ, తక్కువ అన్న మాటలు చెల్లవన్నాడు. కాంటర్ 1870లలో ఆ జతకట్టడాన్నే, రెండు అనంత సమితులు సమానమా కాదా అని చూసే కొలబద్దగా తీసుకున్నాడు.

అపోహ: రుజువు లేకుండా ఒప్పుకుంటే అది గుడ్డినమ్మకమే.

వాస్తవం: ప్రతిదానికీ రుజువు అడిగితే ఆ రుజువుకు ఇంకో రుజువు, దానికి మరొకటి. మన తర్కశాస్త్రంలో దీన్ని అనవస్థ అంటారు. పోనీ ఒకదానికొకటి ఆసరా ఇచ్చుకుంటాయంటే అది అన్యోన్యాశ్రయ దోషం. వస్తువులు ప్రమాణాల వల్ల, అంటే తెలుసుకునే సాధనాల వల్ల తేలితే, ఆ ప్రమాణాలు దేనివల్ల తేలాయని బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు న్యాయదర్శనం వాళ్ళైన నైయాయికులను నిలదీసింది ఇక్కడే. ఎక్కడో ఒకచోట రుజువు ఆగాల్సిందేనని అరిస్టాటిల్ కూడా ఒప్పుకున్నాడు. గుడ్డిగా నమ్మేవాడికి తాను ఏది ఒప్పుకున్నాడో తెలియదు. స్వీకృతం పెట్టుకున్నవాడు దాన్ని కాగితం మీద రాసి మీ ముందు పెడతాడు. అది తీసేస్తే ఏ సిద్ధాంతం నిలుస్తుందో, ఏది కూలుతుందో లెక్క చూడొచ్చు.

అపోహ: అలాగైతే ఎవరికి తోచినవి వాళ్ళు పెట్టుకోవచ్చు.

వాస్తవం: జర్మన్ తర్కవేత్త ఫ్రేగె సంగతి వినండి. అంకగణితాన్నంతా తర్కం మీద నిలబెట్టాలని ఏళ్ళ తరబడి శ్రమించాడు. 1902 జూన్‌లో, ఆ పని మీద రాసిన పుస్తకం రెండో సంపుటం అచ్చులో ఉండగా, ఇంగ్లండ్ తత్త్వవేత్త రస్సెల్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ ఒక సమితిగా తీసుకుంటే, అది తనలో తాను సభ్యురాలా కాదా? అవునంటే కాదు, కాదంటే అవును. ఫ్రేగె ఐదో మూలసూత్రం ఇలాంటి సమితిని రానిచ్చేసింది. మామూలు తర్కంలో ఒక్క వైరుధ్యం చొరబడితే చాలు, దాన్నుంచి ఏ మాటనైనా రుజువు చేసేయొచ్చు. ఇక దేనికీ విలువ ఉండదు. ఫ్రేగె దాచలేదు, 1903లో ఆ సంపుటం చివర తన పునాది కదిలిందని రాసి మరీ ప్రచురించాడు. ఆ నిజాయితీ ముందు నేను ఇప్పటికీ తలవంచుతాను.

అపోహ: సరైన స్వీకృతాలు దొరికితే గణితంలో అన్నీ తేల్చేయొచ్చు.

వాస్తవం: కుదరదని 1931లో గోడెల్ రుజువు చేశాడు. మామూలు అంకగణితానికి సరిపడా బలం ఉండి, వైరుధ్యం లేని స్వీకృతాల జాబితా ఏదైనా సరే, అందులో ఏముందో యాంత్రికంగా సరిచూసుకోగలిగినంతవరకూ, అది తేల్చలేని వాక్యం ఒకటి ఉండే తీరుతుంది. దీన్ని పట్టుకుని సత్యమే లేదనేవాళ్ళున్నారు. గోడెల్ అలా అనలేదు.

అపోహ: ఇదంతా గణితం వాళ్ళ గోల.

వాస్తవం: 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో, మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారన్నది స్వయంసిద్ధ సత్యమని రాశారు. ఆ వాక్యం 'మేము భావిస్తున్నాం' అంటూ మొదలవుతుంది. అంత స్పష్టమైనదైతే ఆ మాట దేనికి? చిత్తుప్రతి రాసిన జెఫర్సన్ దగ్గరే బానిసలున్నారు. లింకన్ యూక్లిడ్ ఆరు పుస్తకాలు పట్టుబట్టి చదివినవాడు. 1859లో ఒక ఉత్తరంలో జెఫర్సన్ సూత్రాలను స్వేచ్ఛా సమాజపు నిర్వచనాలు, స్వీకృతాలు అన్నాడు. 1863 నవంబర్‌లో గెటిస్‌బర్గ్‌లో, అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానంలో నిలబడి అదే సమానత్వం గురించి మాట్లాడుతూ మాట మార్చాడు. అక్కడ ఆయన వాడింది ప్రతిపాదన అన్న మాట. యూక్లిడ్ పుస్తకంలో ఆ పేరుతో ఉన్న ప్రతిదాని కిందా ఒక రుజువు ఉంటుంది.