పికప్ బండి వేరియంట్లు: రాయగడ షోరూంలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో పన్నెండేళ్లుగా పికప్ బండ్లు అమ్ముతున్నాను. గుణుపురం, కొరాపుట్, సెమిలిగుడ వైపు నుంచి వచ్చే మన తెలుగువాళ్లు లోపలికి రాగానే అడిగే మాట ఒక్కటే: "టాప్ మోడల్ ఎంత?" నేను తిరిగి అడుగుతాను, "ఏటి లోడు వేస్తారు బాబూ, ఏ దారిని తిరుగుతారు?" ఈ రెండూ తెలియకుండా కొటేషన్ రాయను.

అపోహ: పేరులో ఉన్న 1.3, 1.7 ఇంజన్ సైజు.
బొలెరో మ్యాక్స్ పికప్‌లో అవి సుమారుగా ఎన్ని టన్నులు మోస్తుందో చెప్పే అంకెలు. టాటా యోధా 1700 అన్నా అంతే, అక్కడ లెక్క కిలోల్లో ఉంటుంది.

అపోహ: 1,300 కిలోల బండి అంటే 1,300 కిలోల సరుకు.
ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. ఆర్‌సీలో బండి మొత్తం బరువు (జీవీడబ్ల్యూ) రాసి ఉంటుంది. ఖాళీ బండి, డ్రైవరు, క్లీనరు, సరుకు, మీరు తర్వాత బిగించిన ప్రతి ఇనుప ముక్కా కలిపి ఆ అంకె దాటకూడదు. మొత్తం 2,990 కిలోలు, ఖాళీ బండి 1,690 అనుకోండి. మిగిలింది 1,300. బయట 150 కిలోల ఇనుప జాలీ కట్టిస్తే 1,150కి పడిపోయింది. మనుషుల బరువు ఇంకా తీయలేదు.

సెమిలిగుడ వైపు అల్లం వ్యాపారి ఒకాయనకు బండి అమ్మినప్పుడు ఈ లెక్క చెప్పలేదు. ఆయన బరువైన జాలీ, పైన క్యారియర్ కట్టించుకుని, సరుకు మాత్రం పాత లెక్క ప్రకారమే వేశాడు. దారిలో తూకం వేస్తే ఓవర్‌లోడ్ తేలింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కు జరిమానా 20,000 రూపాయలు, పైగా అదనపు టన్నుకు 2,000. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి ప్రతి ఆప్షన్ పక్కన రూపాయలతో పాటు కిలోలు కూడా రాసి ఇస్తున్నాను. డబుల్ క్యాబ్ తీసుకున్నా ఇదే లెక్క. వెనక సీటు వచ్చిందంటే లోడు జాగా తగ్గినట్టే.

అపోహ: ఒక కమాన్ పట్టీ (లీఫ్ స్ప్రింగ్) అదనంగా వేయిస్తే పాసింగ్, అంటే ఆర్‌సీలో అనుమతించిన బరువు, పెరుగుతుంది.
పెరగదు. వెనక భాగం కిందికి కుంగకుండా ఆగుతుంది, అంతే. బ్రేకులు, యాక్సిల్, టైర్లు పాతవే, ఆర్‌సీలో అంకె కూడా పాతదే. దయచేసి ఈ పని చేయకండి. సుంకి ఘాట్‌లో దిగేటప్పుడు బండిని ఆపాల్సింది బ్రేకులే.

అపోహ: పాసింగ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది.
మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. దాటిందంటే పర్మిట్ తీసుకోవాలి. వారానికి నాలుగుసార్లు పార్వతీపురం, సాలూరు మార్కెట్లకు రాష్ట్రం దాటి వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మీ సరుకు టన్ను లోపే అయితే, పెద్ద వేరియంట్ కోసం ఈఎంఐతో పాటు పర్మిట్ టెన్షన్ కూడా నెత్తిన పెట్టుకున్నట్టే. రోజూ సిమెంటు, ఇనుము వేసేవాళ్లయితే మాత్రం పెద్దదే తీసుకోండి.

పెద్ద వేరియంట్‌కు హెవీ లైసెన్సు కావాలేమోనని కొందరు భయపడతారు. 7,500 కిలోల లోపు బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

అపోహ: ఘాట్ రోడ్డుకు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి) తప్పనిసరి.
సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లే తారు రోడ్డుకు మామూలు టూ వీల్ డ్రైవ్ చాలు. దిగేటప్పుడు ఫోర్ బై ఫోర్ బ్రేకుల పని చేయదు, తక్కువ గేరులో ఇంజన్ పట్టు మీద దిగాలి. అయితే పొట్టంగి వైపు వానాకాలం ఎర్రమట్టి పొలంలోకి దిగి క్యాబేజీ ఎత్తుకొచ్చేవాళ్లకు అది నిజంగా పనికొస్తుంది. వాళ్లకు నేనే ఇప్పిస్తాను.

అపోహ: ఇంజన్ బలం టాప్ మోడల్‌లోనే.
టయోటా హైలక్స్ చూడండి. ‘స్టాండర్డ్’, ‘హై’ అనే వేరియంట్లు మాన్యువల్ గేర్లలో తీసుకుంటే రెండింటిలోనూ అదే 2.8 లీటర్ డీజిల్, అదే 420 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), రెండూ ఫోర్ బై ఫోర్‌లే. ఆటోమేటిక్‌లో టార్క్ 500. కాబట్టి మాన్యువల్‌లో స్టాండర్డ్ కంటే ‘హై’కి పెట్టే అదనపు డబ్బు వెళ్లేది చక్రాలకు, లోపలి సౌకర్యాలకు.

అపోహ: ఇప్పుడు అన్ని సరుకు బండ్లకూ ఏసీ వచ్చేస్తుంది, అడగక్కర్లేదు.
2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన ఏసీ క్యాబిన్ నిబంధన 3,500 కిలోలు దాటిన ట్రక్కులకే. చిన్న పికప్‌లకు అది ఇంకా ఆప్షనే. తర్వాత బయట వేయించుకుందామని బేస్ మోడల్ తీసుకోకండి. వైరింగ్ కోస్తే ఆ భాగానికి వారంటీ ఇవ్వబోమని కంపెనీ అనవచ్చు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి తీసుకెళ్లిన కొత్త బండిని మే నెల మధ్యాహ్నం గుణుపురం దారిలో నడిపేది మీరో, మీ తమ్ముడో. ఏసీ కావాలంటే కంపెనీ బిగించి ఇచ్చే వేరియంట్‌నే బుక్ చేసుకోండి.