యాంటిసెప్టిక్: ఒక్క మాటకు ఇన్ని పనులు ఎలా తగులుకున్నాయి?

నేల తుడిచే మందును గాయానికి రాయొచ్చా, గాయానికి రాసేదాన్ని నేలకు వాడొచ్చా అన్న గొడవ మళ్లీ మొదలైంది. క్రిములు చస్తే చాలు, పేరుతో పనేంటి అంటున్నారు కొందరు. కుళ్లడానికి క్రిములే కారణమని చూపిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి, ముందు మాట పుట్టుక చూసి 1865కు వెళ్దాం, ఎందుకంటే చిక్కుముడి పడింది అక్కడే.

అసలు యాంటిసెప్టిక్ అన్న మాటకు చంపడంతో సంబంధమే లేదు. గ్రీకులో యాంటీ అంటే వ్యతిరేకం, సెప్సిస్ అంటే కుళ్లడం. 1750 ప్రాంతంలో జాన్ ప్రింగిల్ అనే సైనిక వైద్యుడు మాంసం ముక్కలకు రకరకాల లవణాలు కలిపి, ఏది ఎంతసేపు కుళ్లకుండా ఆపుతుందో చూశాడు. ఆ లెక్కన మామూలు ఉప్పు కూడా యాంటిసెప్టికే!

తర్వాత జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. ఇంగ్లండ్‌లోని కార్లైల్ పట్టణంలో మురుగు కంపు పోవడానికి కార్బాలిక్ ఆమ్లం (ఫినాల్ అనే ఘాటు రసాయనం) వాడుతున్నారని ఆయన విన్నాడు. 1865 ఆగస్టులో బండి చక్రం మీదికెక్కడంతో కాలు విరిగిన 11 ఏళ్ల కుర్రాణ్ని స్కాట్లండ్‌లోని గ్లాస్గో ఆస్పత్రికి తెస్తే, అదే ఆమ్లంలో తడిపిన గుడ్డ గాయం మీద వేసి, పైన తగరపు రేకు కప్పాడు. నాలుగు రోజుల తర్వాత విప్పి చూస్తే కుళ్లు వాసన లేదు, కానీ మందు ఘాటుకి చుట్టూ చర్మం దెబ్బతింది, దాంతో పలచన చేయాల్సి వచ్చింది. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది.

మురుక్కీ పుండుకీ ఒకటే మందు అన్నమాట. ఆ తర్వాత చేతులకు, పనిముట్లకు, చివరికి గాల్లోకి స్ప్రేగా కూడా అదే కార్బాలిక్, అన్నిటికీ అదే పేరు. స్ప్రేను 1890కల్లా ఆయనే వదిలేశాడు. ఈలోపు పనిముట్లను ఆవిరితో శుద్ధి చేయడం వచ్చింది. దాంతో వస్తువులకో దారి, ఒంటికో దారి ఏర్పడ్డాయి. క్రమంగా ప్రాణమున్న చర్మానికి వాడేది యాంటిసెప్టిక్, వస్తువులకు వాడేది డిసిన్ఫెక్టెంట్ అన్న తేడా వైద్యుల వాడుకలో నిలబడింది.

తేడా ఎందుకంటే, క్రిమిని చంపేది మన కణాన్నీ చంపగలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో లోతు గాయాలను పరీక్షించిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ (తర్వాత పెన్సిలిన్ కనిపెట్టినాయన), ఈ యాంటిసెప్టిక్ మందులు క్రిములకంటే ముందు, వాటితో పోరాడే మన తెల్ల రక్తకణాలను దెబ్బతీస్తున్నాయని చూపించాడు. 2020లో కరోనా భయంతో మనుషుల్ని సొరంగాల్లాంటి గదుల్లో నిలబెట్టి డిసిన్ఫెక్టెంట్ చల్లినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దని చెప్పిందీ ఇలాంటి కారణంతోనే.

పేరుతో పనేంటి అనేవాళ్ల మాటలోనూ కొంత నిజం లేకపోలేదు, కొన్ని మందులు రెండు పనులకూ వస్తాయి. కానీ అలాంటి సీసాల మీద కూడా ఎన్ని నీళ్లు కలపాలో ఒంటికి ఒక లెక్క, నేలకు ఇంకో లెక్క ఉంటుంది, అదీ చిన్న అక్షరాల్లో.