బెంగళూరులో లోకల్, నాన్‌లోకల్ గొడవ: 2007లో కలిపేసిన 110 గ్రామాల కథ

ఆఫీసుకు రావడానికే గంటన్నర దాటుతోంది, రోడ్ల నిండా గుంతలు, దుమ్ము, ఇక ఇక్కడ ఉండలేం. ఔటర్ రింగ్ రోడ్డు మీద బెళ్లందూరులో ఉన్న ఓ కంపెనీ అధిపతి 2025 సెప్టెంబరులో పెట్టిన పోస్టు సారాంశం ఇది. ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి నారా లోకేశ్ వెంటనే విశాఖకు రమ్మని ఆహ్వానించారు. బెదిరింపులకు లొంగేది లేదన్నట్టుగా కర్ణాటక ఉప ముఖ్యమంత్రి డి.కె.శివకుమార్ బదులిచ్చారు. ఇక సోషల్ మీడియాలో పాత గొడవ మొదలైంది. ‘మా పన్నులతో బతుకుతున్న ఊరు’ అని బయటి నుంచి వచ్చిన ఒకరు, ‘నచ్చకపోతే పొండి’ అని స్థానికుడు మరొకరు. 2024 జులైలో స్థానికులకు ప్రైవేటు ఉద్యోగాల్లో కోటా ఇచ్చే బిల్లును కర్ణాటక కేబినెట్ ఆమోదించి, రెండు రోజులకే పక్కన పెట్టినప్పుడూ ఇవే మాటలు వినిపించాయి. అప్పుడూ లోకేశ్ విశాఖకే పిలిచారు. 2023 డిసెంబరు చివర్లో ఇంగ్లిష్ బోర్డులు పగలగొట్టినప్పుడూ, ఆ తర్వాత బోర్డుల్లో అరవై శాతం కన్నడ ఉండాలన్న నిబంధన వచ్చినప్పుడూ ఇదే వరస.

కొత్తగా వచ్చినవాళ్లను ఈ ఊళ్లో ఏం నచ్చిందని అడిగితే ముందు చెప్పేది వాతావరణమే. సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. కడప నుంచో విజయవాడ నుంచో వచ్చినవాళ్లకు మే నెలలో సాయంత్రం చల్లగాలి తగలడమే పెద్ద విషయం. ఆ తర్వాత ఉద్యోగాలు. ఒక కంపెనీ మానేస్తే అదే రోడ్డు మీద ఇంకోటి దొరుకుతుంది. దర్శిని అనే చిన్న హోటల్లో నిలబడి తినే ఇడ్లీ వడ, బై టూ కాఫీ, ఆదివారం కబ్బన్ పార్కు. ఒంటరిగా ఉండే ఆడపిల్లను ఎక్కడికి, ఎందుకు అని అడిగేవాళ్లు సొంతూరి కంటే తక్కువ. నచ్చనివి కూడా అందరికీ దాదాపు ఒకటే: ట్రాఫిక్, ఇల్లు కావాలంటే పది నెలల అడ్వాన్సు, ట్యాంకర్ నీళ్లు, మీటరు వేయని ఆటోలు, కన్నడ రాదంటే మారిపోయే ముఖాలు.

ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. నచ్చినవి నగరం మొత్తానికి చెందినవి. నచ్చనివాటిలో నీళ్లు, మురుగు, రోడ్డు మాత్రం ముఖ్యంగా నగరం అంచున, అందులోనూ తూర్పు వైపు ఉన్న ప్రాంతాలవి. మల్లేశ్వరంలోనో జయనగర్‌లోనో అద్దెకు దిగిన వ్యక్తి ఇంటి ఓనరును ‘బోరా, కావేరా’ అని, అంటే బోరు నీళ్లా, నగరం ఇచ్చే కావేరి నీళ్లా అని అడగాల్సిన పని పెద్దగా ఉండదు. వర్తూరు, పనత్తూరు, బెళ్లందూరు వైపు ఇల్లు వెతికేవాళ్లు అద్దె ఎంతో తెలుసుకోకముందే అడిగే ప్రశ్న అది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా భాష గురించి ఎంత కొట్టుకున్నా మూలం దొరకదు.

కెంపేగౌడ కోట, కంటోన్మెంటు, ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలు, 1985లో వచ్చిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, బెంగళూరు ఎదుగుదలలో ఇవన్నీ చాలాసార్లు చెప్పుకున్నవే. వాటి జోలికి పోవడం లేదు. ఇప్పటి గొడవకు సంబంధించినంత వరకు అసలు మలుపు 2007 జనవరి. అప్పటిదాకా వంద వార్డులతో ఉన్న బెంగళూరు మహానగర పాలికెలో, అంటే నగరపాలక సంస్థలో, చుట్టూ ఉన్న ఏడు నగర మున్సిపాలిటీలు, కెంగేరి పురసభ (చిన్న మున్సిపాలిటీ), 110 గ్రామాలు కలిపేశారు. బృహత్ బెంగళూరు మహానగర పాలికె, బీబీఎంపీ, అలా పుట్టింది. విస్తీర్ణం ఒక్కసారిగా ఏడు వందల చదరపు కిలోమీటర్లు దాటింది. మహదేవపుర, బొమ్మనహళ్లి, కె.ఆర్.పురం మున్సిపాలిటీలుగా ఉన్నవి. బెళ్లందూరు, వర్తూరు మాత్రం ఆ 110 గ్రామాల జాబితాలోవి.

బెళ్లందూరునే తీసుకుందాం. 1990ల చివర్లోనే కంప్యూటర్లు పెట్టి పన్నుల రికార్డులు నడిపిన పంచాయతీగా దానికి పేరుండేది. గ్రామ పంచాయతీలో ఈ-పాలన అంటే అధికారులు ఆ ఊరి పేరే చెప్పేవారు. కుళాయి రాకపోతే ఎవరి ఇంటి తలుపు తట్టాలో అక్కడివాళ్లకు తెలుసు. విలీనంతో ఆ పంచాయతీ పోయింది. దాని స్థానంలో కార్పొరేటర్ వచ్చాడా అంటే రాలేదు. పాత పాలికె కౌన్సిల్ గడువు 2006 నవంబరులోనే ముగిసింది. బీబీఎంపీకి తొలి ఎన్నికలు 2010 మార్చిలో జరిగాయి. టెక్ పార్కులు, అపార్టుమెంట్లు వరసగా లేస్తున్న ఆ మూడేళ్లలో, ఏ చెరువు గట్టున ఏం కడుతున్నారు, ఏ కాలువ మీద ఏ గోడ వస్తోందని అడగడానికి పాలికెలో ఆ ఊళ్ల తరఫున ఎన్నికైన మనిషి ఒక్కడూ లేడు. నా ఉద్దేశంలో మొత్తం కథ ఇక్కడే తిరిగింది.

అక్కడి పాత రైతు కుటుంబాల మాట బయట పెద్దగా వినిపించదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. తెలుగువాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. మారతహళ్లి, బెళ్లందూరు, వర్తూరు వైపు తరతరాలుగా భూములున్న రెడ్ల కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బయట కన్నడ, ఇంట్లో తెలుగు. నెల్లూరు నుంచో అనంతపురం నుంచో వచ్చి మారతహళ్లి పీజీలో దిగిన కుర్రాడు ‘లోకల్ వాళ్లు’ అని ఎవరిని అంటున్నాడో వాళ్లలో తన భాష మాట్లాడేవాళ్లూ ఉన్నారు. వాళ్లు కన్నడ వాళ్లుగానే బతికారు, ఆ ఊరి మనుషులుగానే పోట్లాడుతున్నారు. ఆ పీజీలు, ఆంధ్రా మెస్‌లు నడిపేవాళ్లలోనూ మనవాళ్లు చాలామంది. అందుకే దీన్ని కన్నడిగులు, ఇతరులు అని రెండు ముక్కలుగా కోస్తే లెక్క తప్పుతుంది.

ఆ కుటుంబాలు చెప్పేది ఇది. ఊరు నడిచింది చెరువుల మీద. బెళ్లందూరు చెరువు తొమ్మిది వందల ఎకరాలకు దగ్గరగా ఉంటుంది, నగరంలో అంత పెద్ద చెరువు ఇంకోటి లేదు. పైనున్న చెరువులు నిండితే రాజకాలువల ద్వారా నీళ్లు దీనిలోకి, ఇక్కడి నుంచి వర్తూరుకు, అటుపైన దక్షిణ పినాకినిలోకి వెళ్లేవి. ఎప్పుడు తూము ఎత్తాలో, ఎంత వదలాలో చూసుకోవడానికి నీరుగంటి ఉండేవాడు. సేద్యం, చేపలు, చాకిరేవు అన్నీ ఆ నీటి మీదే. దశాబ్దాల తరబడి నగరం తన మురుగులో పెద్ద భాగాన్ని ఆ చెరువులోకి వదిలింది. నురగ రోడ్డెక్కి కారు అద్దాలకు అంటుకున్న 2015 నాటికి, చెరువు మీద మంటలు లేచి దేశమంతా చూసిన 2017 నాటికి అక్కడ సేద్యం దాదాపు అయిపోయింది. పొలం అమ్ముకోవడం అత్యాశ అని బయటివాళ్లు అంటారు. మురుగు పారే పొలాన్ని ఏం చేసుకోమంటారని వాళ్లు అడుగుతారు. భూమి పోయాక మిగిలింది అద్దెలు, ట్రాక్టరు, బోరు. ఆ బోరే ట్యాంకర్ వ్యాపారం అయింది.

ట్యాంకర్ మాఫియా అనే మాట కొత్తగా వచ్చినవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. ధరల విషయంలో అది అన్యాయమైన మాట కాదు. 2024 మార్చిలో బోర్లు ఎండినప్పుడు ట్యాంకర్ ధర ఇష్టానుసారం పెంచారు. చివరికి అధికారులు కలగజేసుకుని, ఐదు కిలోమీటర్ల లోపయితే ఆరు వేల లీటర్లకు రూ.600, పన్నెండు వేల లీటర్లకు రూ.1,000 అని, జీఎస్టీ అదనమని ఖరారు చేశారు. తాగునీటితో కారు కడిగితే రూ.5,000 జరిమానా వేశారు. కానీ అసలు ట్యాంకర్ ఎందుకు కావాల్సి వచ్చింది? 110 గ్రామాలను 2007లో కలుపుకున్న నగరం అక్కడికి కావేరి నీళ్లు ఇచ్చే ఐదో దశ పథకాన్ని ప్రారంభించింది 2024 అక్టోబరు 16న. వంద కిలోమీటర్ల దూరం నుంచి, ఐదు వందల మీటర్ల ఎత్తుకు తోడి, రోజుకు 77.5 కోట్ల లీటర్లు తెచ్చే పథకం. చిన్న పనేమీ కాదు. అయినా మధ్యలో పదిహేడేళ్లు గడిచాయి. ఆ పదిహేడేళ్లూ ఆస్తి పన్ను వసూలు చేశారు, ప్లాన్లు మంజూరు చేశారు, ఫ్లాట్లు అమ్ముకోనిచ్చారు. ఫ్లాటు కొన్నాక అది బీ ఖాతా అని, అంటే పాలికె రికార్డుల్లో పూర్తిగా సక్రమం కాని ఆస్తి అని, బ్యాంకు లోను కష్టమని తెలుసుకుని టెన్షన్ పడినవాళ్లు ఎంతమందో.

కొత్తగా వచ్చినవాళ్ల వాదనలోనూ బలం ఉంది. అప్పుచేసి ఫ్లాటు కొన్నారు, పన్ను కడుతున్నారు, మెయింటెనెన్స్‌లో నీళ్లకే వేలు పోతున్నాయి. సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా పదిహేడు కిలోమీటర్ల ఐటీ కారిడార్‌కు మెట్రోను కేంద్ర కేబినెట్ 2021లో గానీ ఆమోదించలేదు. కంపెనీలు అక్కడ ఉండబట్టే వాళ్లు అక్కడ ఉంటున్నారు. ఇదంతా నిజమే. అయితే 2022 సెప్టెంబరు వరదల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. కాలనీల్లో కార్లు మునిగి, ఖరీదైన విల్లాల వాళ్లు, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్ల ట్రాలీల్లో నిలబడి బయటికొచ్చిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఆ కాలనీల్లో కొన్ని రాజకాలువ దారిలోనే ఉన్నాయని తర్వాత కూల్చివేతలు మొదలైనప్పుడు బయటపడింది. నీళ్లు ఎటు పోతాయో చెప్పగలిగిన పాత రైతులు పక్క వీధిలోనే ఉన్నారు. వాళ్లను అడిగే ఏర్పాటు పంచాయతీతోపాటే పోయింది. గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో వాళ్లుండరు, ఊరి గుడి కమిటీలో వీళ్లుండరు. ఇద్దరూ కలిసేది అడ్వాన్సు తిరిగివ్వలేదనో, ట్యాంకర్ ఆలస్యమైందనో పోట్లాడుకునే చోటే. అక్కడ ‘కన్నడ గొత్తిల్ల’ (కన్నడ రాదు) అనే సమాధానం వినిపిస్తే ఆ కోపమంతా భాష మీదికి మళ్లుతుంది.

కన్నడ నేర్చుకోకపోవడాన్ని నేను సమర్థించడం లేదు. పదేళ్లు ఉన్న ఊరి భాషలో కూరగాయలు కూడా కొనలేకపోతే ఆ ఊరివాళ్లకు బాధ కలగడం సహజం. హైదరాబాద్‌లో తెలుగు ముక్క రానివాళ్లను చూసి మనమూ అదే అనుకుంటాం.

పాలన విషయానికొస్తే, ఎన్నికైనవాళ్లు లేని 2007 నాటి పరిస్థితే మళ్లీ వచ్చింది. బీబీఎంపీ చివరి కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఐదేళ్లూ ఎన్నికలు లేవు, అధికారులదే రాజ్యం. వరదలు, నీటి కరువు రెండూ కార్పొరేటర్ లేని కాలంలోనే వచ్చాయి. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మహదేవపుర, కె.ఆర్.పురం నియోజకవర్గాలు కలిపి తూర్పు కార్పొరేషన్ అయ్యాయి. ఔటర్ రింగ్ రోడ్డు గొడవలో నలిగే ఊళ్లలో ఎక్కువ భాగం దాని కిందికే వస్తాయి.

హైదరాబాద్‌కు ఈ చరిత్ర పరాయిది కాదు. జీహెచ్‌ఎంసీ పుట్టింది కూడా 2007లోనే, చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలను కలుపుకొని. 2025 చివర్లో మరో 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను కలపాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. అక్కడ కొత్తగా ఫ్లాట్లు కొంటున్నవాళ్లు నీటి పైపు ఎప్పుడొస్తుందని ఇప్పుడే అడగడం మంచిది.

తూర్పు బెంగళూరులో ఉన్న తెలుగు ఉద్యోగుల విషయానికొస్తే, 2024 మే 13 పోలింగుకు ముందు రెండు రోజులు బెంగళూరు నుంచి ఆంధ్రప్రదేశ్ వెళ్లే బస్సులు, రైళ్లు కిక్కిరిసిపోయాయి. ఓటు సొంతూళ్లో ఉంచుకున్నవాళ్లు అంతమంది. అక్కడి రాజకీయాల మీద ప్రేమ కొద్దీ వెళ్లారు, తప్పేమీ లేదు. కానీ వాళ్ల ఇంటికి కావేరి కనెక్షన్ ఇవ్వాల్సింది, ముందున్న గుంత పూడ్చాల్సింది తూర్పు కార్పొరేషన్. దాని వార్డుల్లో ఎవరు గెలవాలో తేల్చే ఓటరు జాబితాలో పాత ఊళ్లవాళ్ల పేర్లున్నాయి, ఫ్లాట్లలో ఉంటున్న మనవాళ్ల పేర్లు చాలావరకు లేవు.