చార్టర్ స్కూల్లో ఉంటూ ఈఎస్‌ఏ తీసుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

అరిజోనాలోని చాండ్లర్‌లో పిల్లలకు లెక్కలు చెప్పడం నా పని. ఈఎస్‌ఏ (ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ అకౌంట్, అంటే పిల్లల చదువు ఖర్చుకు రాష్ట్రం తల్లిదండ్రులకు డబ్బు వేసే ఖాతా) నుంచి ఫీజు కట్టే పిల్లలు కొందరు నా దగ్గర ఉన్నారు. అందుకే లెక్కల కంటే ఆ ఖాతా గురించి అడిగే ఫోన్లే ఎక్కువ. ప్రశ్న దాదాపు ఒకటే: "అక్కా, బాబు చార్టర్ స్కూల్లోనే ఉంటాడు. ఆ ఏడు వేలు మీ ట్యూషన్‌కు, రోబోటిక్స్‌కు వాడుకోవచ్చట కదా?"

కుదరదు. కుదిరితే నాలుగు రాళ్లు వచ్చేది నాకే. అయినా కుదరదు. చార్టర్ స్కూలు అంటే విడిగా ఒక సంస్థ నడిపినా, ప్రభుత్వ డబ్బుతో ఫీజు లేకుండా నడిచే ప్రభుత్వ బడే.

రాష్ట్రం ఒక పిల్లవాడి చదువుకు చార్టర్ స్కూలుకు ఇచ్చే సొమ్ములో సుమారు 90 శాతాన్ని, ప్రభుత్వ బడి వదులుకున్న తల్లిదండ్రుల చేతికిస్తుంది. మూడు నెలలకొకసారి ఖాతాలో పడుతుంది, ఏడాదికి 7,000 డాలర్ల పైచిలుకు. ఒకే పిల్లవాడికి అటు బడికీ ఇటు ఖాతాకూ ఎందుకిస్తారు? ఇక చార్టర్ అంటే ప్రైవేటు అనుకోవడం మనవాళ్లలో ఎంత చెప్పినా పోవడం లేదు. ఫీజు కట్టడం లేదు కదా, మరి ఎవరి డబ్బుతో నడుస్తోంది? బేసిస్ లాంటి పేరున్న చార్టర్ అయినా అంతే, ఇంట్లో కూర్చుని చదివే ఆన్‌లైన్ చార్టర్ అయినా అంతే. రెండు చోట్లా పేరుందని తేలితే ఖాతా ఆపేస్తారు, ఖర్చు పెట్టింది తిరిగి కట్టమంటారు. "మా స్నేహితులు వాడుకుంటున్నారు" అని వాట్సాప్‌లో చెప్పేవారు అప్పుడు వచ్చి కట్టరు.

ఈ పొరపాటు ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఇళ్లలో మరీ బాధ పెడుతుంది. 2011లో ఈ పథకం పుట్టిందే వారి కోసం. అందరికీ తెరిచింది 2022లో. ఆటిజం లాంటివి ఉంటే ఏడాదికి వచ్చేది 30,000 డాలర్లు కూడా దాటవచ్చు. ఆ అంకె చూశాక, ఈఎస్‌ఏ కోసం సంతకం పెట్టే ఒప్పందంలో మిగతా వాక్యాల మీదికి కళ్లు పోవు. అక్కడ ఉన్నది మాత్రం స్పష్టమే: నా బిడ్డకు చదువు చెప్పే బాధ్యత నుంచి స్కూలు డిస్ట్రిక్టును విడుదల చేస్తున్నాను అని. ఆ సంతకంతో ఐఈపీ (ఆ బిడ్డకు ఏ సాయం కావాలో బడి రాసిచ్చే ప్రణాళిక) కింద బడి ఉచితంగా ఇవ్వాల్సిన సేవల మీద మీ హక్కు పోతుంది. ప్రైవేటు బడికి ఆ ఐఈపీ కట్టుబాటు లేదు. చేర్చుకుని తీరాలన్న నియమమూ లేదు.

రెండేళ్ల క్రితం ఒక తండ్రి మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మందపాటి ఐఈపీ ఫైలు ముందు పెట్టాడు. అట్ట మీద బాబు అతికించిన డైనోసార్ బొమ్మ, ఒక మూల ఊడిపోతోంది. పాత బడిలో ఆ బాబుకు వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీ, పక్కన కూర్చునే సహాయకురాలు. కొత్త ప్రైవేటు బడి ఆరు వారాలు చూసి మా వల్ల కాదంది. ఆయన ఫైలు తెరవకుండా ఆ బొమ్మనే బొటనవేలితో నొక్కుతూ, "ఇవన్నీ ఉంటూ పైన డబ్బు వస్తుందనుకున్నాను" అన్నాడు. ఆయన్ని ఏమనగలను? ఖాతా మూసేసి మళ్లీ ప్రభుత్వ బడిలో చేర్చవచ్చు, వాళ్లు కాదనడానికి లేదు. అదే చేశాం. కానీ సమావేశాలు, కాగితాలు తేలేసరికి రోజులు గడిచాయి. అప్పుడప్పుడే రెండు మూడు మాటలు కలిపి మాట్లాడుతున్న బాబు.

ప్రభుత్వ బడి వదలవద్దని నేననడం లేదు. మంచి థెరపిస్టును ముందే చూసుకుని, ఈ డబ్బుతో హాయిగా ఉన్న కుటుంబాలూ నాకు తెలుసు. బడి దొరికాక సంతకం పెట్టండి, పెట్టాక బడి వెతక్కండి.

మిగతావి గబగబా. ఏడాది చివర మిగిలిన డబ్బు పోదు, తర్వాతి ఏడాదికి వస్తుంది. ఈఎస్‌ఏ, హోమ్‌స్కూల్ ఒకటి కావు. ఇంట్లోనే చదివిస్తామని హోమ్‌స్కూల్ అఫిడవిట్ ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోవాలి. బ్యాంకువాళ్లు చెప్పే కవర్డెల్ ఈఎస్‌ఏ అనే చదువు పొదుపు ఖాతా వేరు, అందులో ఏడాదికి 2,000 డాలర్ల వరకు మీ సొంత డబ్బే వేసుకోవాలి. ఫీజుతో పాటు కిరాణా కూడా కొనుక్కోవచ్చా అని అడిగినవారికి నా దగ్గర జవాబు లేదు, నవ్వు మాత్రం వచ్చింది.

మా అమ్మాయి చార్టర్ స్కూల్లోనే ఉంది. దాని రోబోటిక్స్ ఫీజు నేనే కడుతున్నాను.